హలార్ అంటే లాగడమేనా? దేశం మారితే అర్థం మారిపోయే స్పానిష్ క్రియ

డాలస్_దారి

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంటున్నాను. మా టీమ్‌లో మెక్సికో ఉత్తరాన ఉన్న మోంతెర్రేయ్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. ఆయనతో ఆయన భాషలోనే నాలుగు ముక్కలు మాట్లాడాలని నా కోరిక. మొన్న శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూస్తూ "టాకోలు తినడానికి వెళ్తున్నాం, హాలాస్?" అన్నారు. ముందు మాటలన్నీ అర్థమయ్యాయి, హాలాస్ దగ్గర ఆగిపోయాను. నిఘంటువు చూస్తే హలార్ అంటే ఇంగ్లీషులో పుల్, మనకి లాగడం. "లాగుతావా?" అని అడిగారా? దేన్ని లాగాలి? నేను తేల్చుకునేలోపు వాళ్లు వెళ్లిపోయారు. పిలిచిన మనిషికి జవాబు చెప్పలేదన్న బాధ రెండు రోజులు పోలేదు.

సోమవారం మళ్లీ అదే క్రియ, రెండు సార్లు. పొద్దుటి నుంచి ఆగిపోయిన మా సాఫ్ట్‌వేర్ బిల్డ్ సాయంత్రానికి నడిచింది. ఆయన "యా హలో" అన్నారు, చివరి అక్షరం నొక్కి. ఎవరినో పలకరిస్తున్నారనుకున్నాను. తర్వాత వాళ్ల అన్నయ్య గురించి చెబుతూ "ఎల్ హాలే" అన్నారు. సందర్భాన్ని బట్టి చూస్తే ఉద్యోగం అన్నట్టే ఉంది.

ఒక్క క్రియకి ఇన్ని అర్థాలా? ఇంగ్లీషులో దీనికి సరైన మాట ఏది? తెలిసినవాళ్లు చెప్పండి. స్పానిష్‌లో జె అక్షరాన్ని దాదాపు మన హకారంలా పలుకుతారు కాబట్టి హలార్ అనే రాస్తున్నాను.

రాత్రి_షిఫ్ట్

బ్రదర్, మీరు విన్న మూడూ మెక్సికో వాడుకలే, అందులోనూ ఉత్తరాదిలో మరీ ఎక్కువ. "హాలాస్?" అంటే "వస్తావా? నువ్వు కూడా కలుస్తావా?" అని. అమెరికన్ ఇంగ్లీషులో "ఆర్ యూ ఇన్?" అంటారే, అచ్చంగా అదే. జవాబు "హాలో", మొదటి అక్షరం నొక్కి. అంటే నేనూ వస్తా. "యా హలో" అంటే ఇప్పుడు పనిచేసింది, ఇట్ వర్క్డ్. నొక్కు ఎక్కడ పడిందో జాగ్రత్తగా వినండి, అర్థం అక్కడే తేలిపోతుంది. "ఎల్ హాలే" అంటే పని, ఉద్యోగం.

ఆ పనిచేయడం అనే అర్థం వల్ల నాకు జరిగింది చెప్తాను. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో స్పానిష్ కస్టమర్ల కాల్స్ తీసుకుంటాను. చేరిన రెండో నెలలో మెక్సికో నుంచి ఒకావిడ ఫోన్ చేసి "మి కోంపు నో హాలా" అన్నారు. క్లాసులో నేర్చుకున్న అర్థమే నాకు గుర్తొచ్చింది. ఫిర్యాదు నమోదు చేసే టికెట్‌లో "సిస్టమ్ డేటాని పుల్ చేయడం లేదు" అని రాశాను. అది చూసి ఇంజినీర్లు సర్వర్ వైపు వెతకడం మొదలుపెట్టారు. ఆవిడ చెప్పింది "నా కంప్యూటర్ పనిచేయడం లేదు" అని మాత్రమే. పవర్ కేబుల్ పాడైంది. ఆ తప్పు దొరకడానికి నాలుగు గంటలు పట్టింది, ఆవిడకి ఆ రోజు పని పోయింది. మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అది నాకు ఇప్పటికీ గుర్తు. అందుకే ఈ క్రియ గురించి ఎవరు అడిగినా పూర్తిగా చెప్పాలనిపిస్తుంది.

సూటిమాట

మరీ కష్టం చేస్తున్నారేమో అనిపిస్తోంది. హలార్ అంటే పుల్. మిగతావన్నీ యాస, స్లాంగ్. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పుల్ అని ఒక్కటి చెబితే సరిపోదా?

రాత్రి_షిఫ్ట్

సరిపోదండి. పైన నేను రాసిన టికెట్టే దానికి జవాబు. మెక్సికోలో తలుపు మీద హాలే అని రాసి ఉంటుంది, అక్కడ పుల్ కరెక్టే. కానీ రోజుకి తలుపు ఎన్నిసార్లు లాగుతాం, "పనిచేయట్లేదు" అని ఎన్నిసార్లు అంటాం? ఎక్కువగా వినపడే అర్థాన్ని యాస అని పక్కన పెట్టేస్తే ఎదుటి మనిషి మాట సగం వినపడనట్టే.

మాడ్రిడ్_మెట్రో

నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను, మూడో ఏడు. స్పెయిన్ సంగతి చెప్తాను. ఇక్కడ తలుపు మీద హాలే అని ఎక్కడా ఉండదు, తిరార్ అని ఉంటుంది. లాగడానికి ఇక్కడి మాట తిరార్ దే. ఆ "దే" ముఖ్యం. "తిరా దే లా పుఎర్తా" అంటే తలుపు లాగు. "దే" మర్చిపోయి "తిరా లా పుఎర్తా" అంటే తలుపు పడగొట్టు అన్నట్టు అవుతుంది, ఎందుకంటే ఒట్టి తిరార్ అంటే విసరడం, పారేయడం, పడేయడం. మెక్సికో వాళ్ల హలార్‌కి ఈ బాధ లేదు, నేరుగా "హాలా లా పుఎర్తా".

ఇక్కడ కూడా హలార్ ఉంది, కానీ స్నేహితుల మధ్య దానికి అర్థం తినడం, ఆవురావురుమని తినడం. అందుకే మొదట్లో ఒక కొలంబియా అమ్మాయి "కుర్చీ ఇటు హలార్ చెయ్" అంటే క్లాసులో కొందరు ఆమె ముఖంలోకి చూశారు. మా భాషా కోర్సు టీచర్ కూడా హలార్ మంచి స్పానిష్ కాదు, తిరార్ వాడండి అన్నారు. కాబట్టి నేర్చుకునేవాళ్లు తిరార్‌తో మొదలుపెట్టడమే క్షేమం అని నా అభిప్రాయం.

గోదావరిఖని_గాలి

మాడ్రిడ్ తమ్మీ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ "మంచి స్పానిష్ కాదు" అన్న మాట చదవంగనే నాకు పదకొండేళ్ల వయసు గుర్తుకొచ్చింది. మా ఇంట్లో అందరం గుంజు అంటాం. తాడు గుంజు, తలుపు గుంజు. ఊరు మారి కొత్త బడిలో చేరిన. బోర్డు మీద కట్టిన మ్యాప్ కిందికి దించమంటే "గుంజాలా సార్?" అని అడిగిన. క్లాసంతా నవ్వింది. సారు "లాగాలా అనాలి" అని దిద్దిండు. ఆ ఏడాదంతా నేను క్లాసుల నోరు విప్పలేదు.

గుంజు తప్పు మాట కాదు. ఆ కొలంబియా అమ్మాయి మాట కూడా తప్పు కాదు. ఆమె ముఖంలోకి చూసినవాళ్లకి ఒక మాట తక్కువ తెలుసు, అంతే. తిరార్‌తో మొదలుపెడితే క్షేమం అన్నారు కదా, అది ఎవరికి క్షేమం? డాలస్ అన్న పక్కన కూర్చున్నది మోంతెర్రేయ్ మనిషి.

పాత_పలక

ఖని గారి మాట చదివి మనసు బరువెక్కింది. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు స్పానిష్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ క్రియ చరిత్ర కొంత చెప్తాను, ఎందుకంటే చరిత్ర తెలిస్తే మంచి మాట, చెడ్డ మాట అనే తగువు తీరుతుంది.

ఇది ఓడల మీద పుట్టిన మాట. తాడు పట్టి లాగడాన్ని ఫ్రెంచ్ నావికులు అన్న మాట నుంచి స్పానిష్‌లోకి వచ్చింది. దాని మూలం జర్మానిక్ భాషల్లో ఉంది, డచ్ వాళ్లు ఇప్పటికీ హాలెన్ అంటే తీసుకురావడం అంటారు. ఇదే ఫ్రెంచ్ మాట ఇంగ్లీషులోకి వెళ్లి హాల్ (haul) అయింది, అంటే బరువు లాగడం. అమెరికాలో ఇల్లు మారేటప్పుడు మన పిల్లలంతా అద్దెకి తెచ్చుకునే యూ-హాల్ బండి మీద ఉన్నది ఆ హాల్ అన్న మాటే. అంటే హలార్‌కి ఇంగ్లీషులో సొంత చుట్టం పుల్ కాదు, హాల్.

స్పానిష్‌లో దీన్ని మొదట హెచ్ అక్షరంతో రాశారు. స్పానిష్‌లో హెచ్ పలకదు, కాబట్టి స్పెయిన్ నడిమి భాగమైన కాస్తీల్ ప్రాంతంలో అది అలార్. కానీ దక్షిణాన సెవిల్లా, కాదిజ్ వైపు జనం కొన్ని మాటల్లో ఆ హకారాన్ని ఊదుతూ పలికేవాళ్లు. ఫ్లమెంకో అనే దక్షిణ స్పెయిన్ సంగీతంలో కాంతే హోందో అని ఒక పాట రకం ఉంది, లోతైన పాట అని అర్థం. కాస్తీల్ ఉచ్చారణలో లోతు అంటే ఓందో. దక్షిణాది హకారం పాట పేరులో నిలిచిపోయింది, రాతలో జె కూడా వచ్చింది. హలార్ కూడా అలాంటిదే.

ఇక అమెరికా ఖండానికి ఎలా చేరింది? 1503లో సెవిల్లాలో కాసా దే కోంత్రాతాసియోన్ అనే వర్తక కార్యాలయం పెట్టారు. కొత్త ఖండంతో వ్యాపారం, ప్రయాణం అంతా దాని అదుపులోనే నడిచాయి. 1717లో దాన్ని కాదిజ్‌కి మార్చారు. రెండు వందల ఏళ్లకు పైగా వలస వెళ్లేవాళ్లు ఆ దక్షిణాది రేవుల్లో ఎదురుచూసి, వారాల తరబడి ఓడల్లో ప్రయాణం చేశారు. చెవిన పడేది నావికుల మాటే. అందుకే ఒడ్డున దిగాక కూడా ఓడ మాటలు వదల్లేదు. అమర్రార్ అంటే ఓడని కట్టేయడం. లాటిన్ అమెరికాలో బూటు లేసు కట్టుకోవడానికి కూడా అదే మాట. బోతార్ అంటే స్పెయిన్‌లో ఓడని నీళ్లలోకి దించడం, బంతి ఎగరడం. అటువైపు చెత్త పారేయడం.

కాబట్టి మెక్సికో హలార్ అనేది స్పెయిన్ మాటని ఎవరో పాడుచేస్తే పుట్టింది కాదు. అది స్పెయిన్ దక్షిణ రేవుల మాటే. 1713లో పుట్టిన మాడ్రిడ్ స్పానిష్ భాషా అకాడెమీ వాళ్ల నిఘంటువులో లాగడం అర్థంతోనే ఉంది. 2010లో వివిధ దేశాల అకాడెమీలు కలిసి అమెరికా ఖండపు మాటలకే ఒక పెద్ద నిఘంటువు తెచ్చాయి. మాడ్రిడ్ బాబూ, మీ టీచర్ గారిని తప్పు పట్టడం లేదు. ఆవిడ తన ఊరి అలవాటు చెప్పారు. కానీ అలవాటు వేరు, మంచిచెడ్డలు వేరు.

లిమా_జ్ఞాపకం

మాస్టారూ నమస్తే. మా వారి ఉద్యోగం వల్ల పెరూలో లిమాలో రెండేళ్లు ఉన్నాం. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మా అబ్బాయి అప్పుడు ఆరో తరగతి. ఒకరోజు వాడి క్లాస్‌మేట్ వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది: "మీ వాడిని లెక్కల్లో హలారోన్ అట కదా, పాపం." నాకు వచ్చిన స్పానిష్ ప్రకారం "మీ వాడిని లెక్కల క్లాసులో లాగారు". చెవి పట్టి లాగారా, చొక్కా పట్టి లాగారా? గుండె దడదడలాడింది. చెప్పులు ఏవి వేసుకున్నానో కూడా చూసుకోకుండా బడికి పరుగెత్తాను. గేటు దగ్గర ఆవిడే కనిపించి, నా కంగారు చూసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పెరూలో హలార్ అంటే పరీక్షలో ఫెయిల్ చేయడం అట. లెక్కల పరీక్ష పోయింది, అంతే. వాడిని ఎవరూ ముట్టుకోలేదు. పరీక్ష పోయిందన్న బాధ కూడా లేకుండా ఏడ్చేశాను.

ఇంతకీ ఆవిడే లేస్తూ "తే హాలో?" అంది. మళ్లీ అదే మాట! ఈసారి "కారులో దింపనా?" అని. పెరూలో లిఫ్ట్ ఇవ్వడం కూడా హలారే. ఒకే మనిషి నోట ఒక పది నిమిషాల్లో రెండు అర్థాలు. ఇంగ్లీషులో ఒకటి ఫెయిల్ లేదా ఫ్లంక్, రెండోది గివ్ ఎ లిఫ్ట్, అమెరికాలో అయితే రైడ్. పుల్ ఎక్కడా పనికిరాదు.

డాలస్_దారి

లిమా అక్కా, చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. మరి ఫెయిల్ అవడానికి అన్ని దేశాల్లోనూ ఇదే మాటా?

పాత_పలక

కాదు బాబూ. స్పెయిన్‌లో సుస్పెందేర్, అసలు అర్థం వేలాడదీయడం. మెక్సికోలో రెప్రోబార్. వెనెజులాలో రస్పార్, అంటే గీకడం. లాగినా, వేలాడదీసినా, గీకినా పిల్లవాడికి కష్టమే.

కోస్తారికా_కాఫీ

మా దగ్గరివి చిన్నగా చెప్తా. ఇక్కడ ఇద్దరు "హలాందో" అంటే ప్రేమలో ఉన్నారు, కలిసి తిరుగుతున్నారు అని. పెద్దవాళ్ల నోట ఎక్కువ వింటాను. "హాలే!" అంటే "పద, పోదాం". "హలార్సే ఉనా తోర్తా" అంటే పెద్ద పొరపాటు చేయడం. పక్కనే హోందురాస్‌లో "హలోన్" అడిగితే లిఫ్ట్ అడిగినట్టు, పెరూ అక్క చెప్పినట్టే.

రాత్రి_షిఫ్ట్

వెనెజులా కాల్స్‌లో నేను విన్నది ఒకటి: "హలార్ మెకాతే". మెకాతే అంటే తాడు, మెక్సికో ఆదివాసుల నవాత్ల్ భాషలోని మెకత్ల్ నుంచి వచ్చిన మాట. తాడు లాగడం అంటే పై అధికారిని పొగిడి పనులు చేయించుకోవడం. దొర ఊయలలో పడుకుంటే పక్కన కూర్చుని తాడు లాగి ఊపేవాడి నుంచి వచ్చిందని అక్కడివాళ్లు కథ చెబుతారు. మన కాకా పట్టడం అన్నమాట.

మెక్సికోలో నాకు బాగా ఇష్టమైన మాట "హలార్ పరేహో". ఒక పనిలో ఉన్నవాళ్లంతా సమానంగా బరువు పంచుకోవడం. అర్థం చెప్పినప్పుడు మా నాన్న వెంటనే "ఒక కాడికి కట్టిన ఎద్దులు కలిసి లాగినట్టా?" అన్నారు. అంతకన్నా మంచి అనువాదం నాకు ఇంగ్లీషులో దొరకలేదు.

ఒక హెచ్చరిక కూడా. మెక్సికోలో ఈ క్రియకి చివర "సేలా" తగిలిస్తే బూతు అవుతుంది. అలాగే స్పెయిన్‌లో మంచి మాట అయిన తిరార్ పెరూ, కొలంబియా, చిలీలో కొన్ని సందర్భాల్లో పడకగది మాట. బస్సు ఎక్కడానికి స్పెయిన్ వాళ్లు వాడే కోహేర్ అయితే మెక్సికో, అర్జెంటీనాలో ఇంకా ఘోరం, అక్కడ తోమార్ అనండి.

సూటిమాట

నేను మొదట్లో పుల్ ఒక్కటి చాలదా అని అడిగాను. లిమా మేడమ్ రాసింది చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక సంగతి గమనించాను, చెప్పాలి.

ఇంగ్లీషుని మధ్యలో పెట్టుకోవడం వల్లే ఇది ఇంత కష్టంగా కనిపిస్తోందేమో. మన లాగడాన్ని చూడండి. ఘాట్ రోడ్డు మీద "బండి లాగట్లేదు" అంటాం. మెక్సికో వాళ్ల "నో హాలా" అదే కదా? పెళ్లి భోజనంలో "నాలుగు బూరెలు లాగించాడు" అంటాం. మాడ్రిడ్ కుర్రాళ్ల హలార్ అచ్చంగా అదే. "ఈ జీతంతో ఎలాగో లాక్కొస్తున్నా" అంటాం, అక్కడ ఉద్యోగానికే హాలే అని పేరు. "మనసు అటు లాగుతోంది" అంటాం, కోస్తారికాలో ప్రేమ. ఇంగ్లండ్‌లో కూడా పబ్‌లో ఒకరిని ఆకట్టుకోవడాన్ని పుల్ అంటారు, కానీ అమెరికన్లు అలా అనరు. అంటే ఇంగ్లీషు కూడా దేశాన్ని బట్టి మారుతోంది.

ఎనిమిది నెలలు యాప్‌లో ఇంగ్లీషు నుంచి స్పానిష్ నేర్చుకుంటున్న డాలస్ గారికి నా సలహా: ముందు తెలుగులో లాగి చూడండి. అన్నీ దొరకవు, పెరూ పరీక్ష మనకి దొరకదు. కానీ సగం దొరుకుతాయి.

గోదావరిఖని_గాలి

సూటిమాట అన్నా, మీరు లాగించాడు అన్నది మేము కూడా అంటాం. దమ్ము గుంజుడు అని సిగరెట్‌కి అంటాం. మీ లాగు, మా గుంజు రెండూ హలార్‌కి పనికొస్తున్నయి.

మాడ్రిడ్_మెట్రో

ఖని అన్నా, మీ స్కూలు సంగతి చదివాక రెండు రోజులు ఏమీ రాయలేదు. నేను ఆ రోజు క్లాసులో నవ్వలేదు, కానీ కొలంబియా అమ్మాయి వైపు నిలబడనూ లేదు. అది తప్పే.

మాస్టారు చెప్పింది సరిచూద్దామని లాబ్‌లో కాదిజ్ నుంచి వచ్చిన సీనియర్‌ని అడిగాను. ఆమె వెంటనే "మా అమ్మమ్మ తాడు హలార్ చెయ్ అనే అంటుంది, బావి దగ్గర కూడా అదే" అంది. తన మాట కూడా అదేనట, మాడ్రిడ్ వచ్చాక మానేసిందట. ఎందుకు మానేశావని అడిగితే భుజాలు ఎగరేసింది. నిన్న ఆ కొలంబియా అమ్మాయిని కలిసి ఇదంతా చెప్పాను. వాళ్ల బొగోతాలో తలుపుల మీద హెచ్‌తోనే రాసి ఉంటుందట, నోటితో మాత్రం అందరూ హకారంతోనే అంటారట. రాతలో కాస్తీల్, నోటిలో సెవిల్లా అన్నమాట. కాదిజ్ సీనియర్‌ని ఆమెకి పరిచయం చేశాను. ఇద్దరూ అమ్మమ్మల గురించే అరగంట మాట్లాడుకున్నారు.

రాత్రి_షిఫ్ట్

మాడ్రిడ్ తమ్ముడూ, చాలా మంచి పని చేశావు.

ఈ చర్చ చూశాక మా టీమ్ లీడ్‌తో మాట్లాడాను. ఇకమీద టికెట్‌లో కస్టమర్ అన్న స్పానిష్ మాటని ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో రాయాలి, పక్క గడిలో ఏ దేశం నుంచి కాల్ చేశారో రాయాలి, ఆ తర్వాతే ఇంగ్లీషు. ఈ సోమవారం నుంచి మొదలైంది.

డాలస్_దారి

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు శుక్రవారం. ఆయన బ్యాగు భుజానికి తగిలించుకుని నా వైపు చూశారు, ఏమీ అనలేదు, పోయినసారి నేను పలకలేదు కదా. నేనే లేచి "హాలో" అన్నాను, మొదటి అక్షరం నొక్కి. కారులో ఎక్కాక మా ఊళ్లో బండి ఎత్తు ఎక్కలేకపోతే ఏమంటామో చెప్పాను. "లాగట్లేదు" అని ఆయన మూడుసార్లు పలికి చూశారు. "ట్ల" దగ్గర నాలుక తిరగలేదు. వచ్చే శుక్రవారానికి వచ్చేస్తుందన్నారు.